ఔత్సాహిక రేడియో: దూరనియంత్రిత కేంద్రాల బలాబలాలు

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తంతి స్తంభాలు పడిపోయి, రోడ్లు తెగిపోయినందువల్ల లోపలి గ్రామాలలో ఏమి జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకేనాటికి దాదాపు ప్రతి ఇంటా టెలిఫోను ఉంది. అయినా కరెంటు పోయి, టవర్లు మూగపోయి, అంతటి నగరంలోని వారి క్షేమసమాచారం కూడా దూరాన ఉన్న బంధువులకు అందలేదు.

ఇట్టి సమయాలలో తప్పక వినవచ్చే మాట ఒకటి ఉంది. అన్నీ విఫలమైనప్పుడు ఔత్సాహిక రేడియో పనిచేస్తుందన్నదే ఆ మాట. 1914లో స్థాపితమైన అమెరికన్ రేడియో రిలే లీగు దీనిని నినాదంగా వాడింది. మన దేశంలోని ఔత్సాహికులు కూడా సభలలోనూ, ప్రదర్శనలలోనూ దీనినే చెబుతారు. ఈ మాట ఎంతవరకు నిజం? ముఖ్యంగా, ఇటీవలి కాలంలో వ్యాపిస్తున్న దూరనియంత్రిత కేంద్రాల విషయంలో ఇది నిజమేనా? ఈ ప్రశ్నను నిదానంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ విషయంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. లాభాపేక్ష లేకుండా, స్వయంగా నేర్చుకోవడానికీ, పరస్పరం మాట్లాడుకోవడానికీ, ప్రయోగాలు చేయడానికీ ప్రభుత్వ లైసెన్సు పొంది నడుపుకొనే రేడియోను ఔత్సాహిక రేడియో అంటారు. పరీక్షలో నెగ్గిన వారికి ప్రభుత్వం ఒక పిలుపు సంకేతాన్ని ఇస్తుంది. మన దేశపు సంకేతాలలో చాలావాటికి మొదట ‘వీయూ’ అనే అక్షరాలు ఉంటాయి. వీరు వాడే తరంగాలలో 3 మొదలు 30 మెగాహెర్ట్జుల వరకు పౌనఃపున్యం గలవి, భూమికి చాలా ఎత్తున ఉన్న అయనావరణంలో వంగి తిరిగి నేలకు దిగివస్తాయి. అందువల్ల వందల, వేల మైళ్ల దూరం పోగలవు. మధ్యలో టవర్లు గాని, తీగలు గాని, ఉపగ్రహాలు గాని అక్కరలేదు. ఒక సెట్టు, ఒక ఏరియల్, కొంత విద్యుత్తు, వాటి ముందు పని తెలిసిన ఒక మనిషి, ఈ నాలుగూ ఉంటే చాలు. ఆపదలో ఔత్సాహిక రేడియోకు గల విలువంతా ఈ నాలుగింటితోనే పని జరిగిపోవడంలో ఉంది. ఈ సంగతిని గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. చివరివరకు మనకు దీనితోనే పని.

దూరనియంత్రిత కేంద్రంలో సెట్టు, ఏరియల్ ఒకచోట ఉంటాయి. వాటిని నడిపే మనిషి మరొకచోట ఉంటాడు. అతడు తన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని, ఇంటర్నెట్టు ద్వారా ఆ సెట్టు మీటలను తిప్పుతాడు. అతడి మాట అదే దారిన కేంద్రానికి పోయి అక్కడి ఏరియల్ నుండి బయలుదేరుతుంది. అక్కడ వినిపించినది అదే దారిన ఇతడి చెవికి చేరుతుంది. ఏరియల్‌ను కావలసిన దిక్కుకు తిప్పడం, ఒక ఏరియల్ నుండి మరొకదానికి మారడం మొదలైన పనులన్నీ కూడా కూర్చున్న చోటినుండే జరుగుతాయి.

దీనిని సోమరుల విలాసమని కొందరు పాతకాలపు ఔత్సాహికులు తీసిపారవేస్తారు. అది న్యాయం కాదు. ఈ పద్ధతి నిజమైన ఇబ్బంది నుండి పుట్టింది. 7 మెగాహెర్ట్జుల వద్ద పనిచేసే సామాన్యమైన ఏరియల్, అంటే తరంగదైర్ఘ్యంలో సగం పొడవు గల తీగ, సుమారు 20 మీటర్లు ఉంటుంది. నగరంలో ఒక వాటాలో నివసించే మనిషి దానిని ఎక్కడ కట్టగలడు? మేడపైన కట్టనిచ్చినా మరొక చిక్కు ఉంది. ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు మొదలైనవన్నీ ఎడతెగని రేడియో రొదను పుట్టిస్తాయి. సెట్టు మీద ఉండే బలమాపకంలో ఒక్కొక్క ‘ఎస్’ విభాగం 6 డెసిబెళ్లకు సమానం. ఊరి వెలుపల పొలంలో ఈ రొద రెండవ విభాగం వద్ద, నగరంలో ఏడవ విభాగం వద్ద ఉన్నదనుకుందాం. తేడా ఐదు విభాగాలు, అనగా 30 డెసిబెళ్లు, అనగా వెయ్యి రెట్లు. పొలంలో ఒక వాటుతో వినిపించిన మనిషే నగరంలో అంత స్పష్టంగా వినిపించాలంటే అతడికి వెయ్యి వాట్లు కావాలి. కాబట్టి ఏరియల్‌ను నిశ్శబ్దమైన చోటికి పంపివేసి, మనిషి నగరంలోనే ఉండిపోవడం తెలివైన పనే. వృద్ధాప్యం వల్ల గాని, అనారోగ్యం వల్ల గాని కదలలేనివారికి ఇది వరమనే చెప్పాలి. ఏరియల్ కొనుక్కోలేని విద్యార్థులు పదిమంది కలిసి ఒకే మంచి కేంద్రంలో నేర్చుకోవచ్చు.

మనుషుల రాకపోకలు తగ్గించవలసిన చోట్ల కూడా ఇది పనికివచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖకు సమీపాన జార్విస్ అనే నిర్జన ద్వీపం ఉంది. అమెరికా దానిని వన్యప్రాణుల ఆశ్రయంగా కాపాడుతున్నది. 2024 ఆగస్టులో ఒక ఔత్సాహిక బృందం పెట్టెలలో అమర్చిన రేడియోలను ఆ ద్వీపంపై ఉంచి, ఓడలో కూర్చొని వాటిని నడిపింది. పక్షులకు అలజడి తగ్గింది. ప్రపంచంలోని ఔత్సాహికులకు ఒక అరుదైన ద్వీపంతో మాట్లాడిన తృప్తీ కలిగింది. ఇది మెచ్చుకోదగిన పని.

ఇక లోపాలకు వద్దాం. మొదటిది ఆలస్యం. ఇంటర్నెట్టులో మాట ముక్కలు ముక్కలుగా ప్రయాణిస్తుంది. ప్రతి ముక్కా ఒకే వేగంతో రాదు. ఒకటి ముందు, ఒకటి వెనుక రావచ్చు. మామూలు సంభాషణలో ఇది పెద్దగా తెలియదు. కాని మోర్స్ సంకేతాలలో తెలుస్తుంది. నిమిషానికి 20 మాటల వేగంతో పంపినప్పుడు ఒక చుక్క సెకనులో వెయ్యింట 60 భాగాలు మాత్రమే ఉంటుంది. దారిలో కలిగే హెచ్చుతగ్గులు అంతకంటె ఎక్కువైతే చుక్క గీత అవుతుంది, గీత మాయమవుతుంది. ఇందుకు విరుగుడుగా, చుక్కలను గీతలను కేంద్రంలోని యంత్రమే తయారుచేసేటట్లు, ఇక్కడినుండి అక్షరాలు మాత్రమే పోయేటట్లు ఏర్పాటు చేస్తారు. బాగానే ఉంది. కాని ఎదుటివాడు మధ్యలో అడ్డు తగిలినప్పుడు వెంటనే ఆగి వినే సౌకర్యం ఆ మేరకు తగ్గిపోతుంది. ఆపద సమయంలో అది స్వల్పమైన సౌకర్యం కాదు.

రెండవది అదుపు. మనిషి దగ్గర లేనప్పుడు నియంత్రణ దారి తెగిపోతే ప్రసారిణి ఏమి చేయాలి? నోరు మూసుకోవాలి. లేకపోతే అది గంటల తరబడి ఒకే స్వరంతో మోగుతూ, అందరికీ అడ్డంకి కావడమే గాక, తాను కూడా కాలిపోవచ్చు. అందుకే అమెరికా నియమాలలో, నియంత్రణ దారి చెడిపోయినప్పుడు ప్రసారం మూడు నిమిషాలకు మించకుండా ఆపివేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. తన కేంద్రాన్ని గురించి గొప్పగా చెప్పుకొనే ఔత్సాహికుని ముందుగా అడగవలసిన ప్రశ్న వాట్లను గురించినది కాదు, ఈ ఏర్పాటును గురించినది: “దారి తెగితే మీ యంత్రం తనంతట తాను ఆగుతుందా? దానిని ఎన్నడైనా కావాలని తెంచి చూచారా?”

మూడవది పోటీలలోని న్యాయాన్యాయాలు. ఒకే మనిషి ఒకే సాయంత్రం మూడు ఖండాలలోని కేంద్రాలను అద్దెకు తీసుకొని, ఎక్కడినుండి బాగా వినిపిస్తే అక్కడినుండి మాట్లాడితే, దానిని నైపుణ్యమందామా, ధనబలమందామా? కొన్ని పెద్ద పోటీలలో, ఒక కేంద్రపు ప్రసారిణులు, గ్రాహకాలు అన్నీ 500 మీటర్ల వ్యాసం గల వృత్తంలో ఉండాలని నియమం పెట్టి దీనికి కొంత అడ్డుకట్ట వేశారు. ఇది ఆటకు సంబంధించిన తగవు. ఆడేవారే తీర్చుకోగలరు గనుక దీనిని ఇంతటితో విడిచిపెడతాను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆపదలో ఈ కేంద్రం నిలుస్తుందా? ఇక్కడ లెక్క వేసి చూడక తప్పదు.

నూరు వాట్ల సామాన్యమైన సెట్టు 13.8 ఓల్టుల వద్ద పనిచేస్తుంది. వింటున్నప్పుడు సుమారు ఒకటిన్నర ఆంపియర్లు తీసుకుంటుంది. మాట్లాడుతున్నప్పుడు, మాటల మధ్య ఖాళీలను కూడా కలుపుకొని, సగటున 10 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. నాలుగింట ఒక వంతు కాలం మాట్లాడి, మూడు వంతులు వింటే సగటు సుమారు 3.6 ఆంపియర్లు. నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో, దాని ఆయుర్దాయం చెడకుండా, సగాన్ని మాత్రమే వాడుకోవడం మంచిది. అనగా 50 ఆంపియర్-గంటలు. దానితో ఈ సెట్టు సుమారు 14 గంటలు నడుస్తుంది. సెట్టు ముందు మనిషి ఉంటే ఇంకొక పని చేయగలడు. ప్రతి గంటకు పది నిమిషాలు మాత్రమే తెరిచి, వార్తలు ఇచ్చిపుచ్చుకొని, తిరిగి కట్టివేస్తాడు. అప్పుడు గంటకు సగటు 0.6 ఆంపియర్లే. అదే బ్యాటరీ 83 గంటలు, అనగా సుమారు మూడున్నర రోజులు వస్తుంది.

ఇప్పుడు అదే సెట్టును దూరనియంత్రణలో పెడదాం. దానితోపాటు ఒక చిన్న కంప్యూటరు, ఇంటర్నెట్టు దారిని పంచే పెట్టె, ఆ దారికి సంబంధించిన మరొక పరికరం, మీటలను తిప్పే యంత్రాలు ఉండాలి. ఇవన్నీ కలిపి పొదుపుగా 40 వాట్లు తీసుకుంటాయనుకున్నా, అది 2.9 ఆంపియర్లు. పైగా వీటికి విశ్రాంతి లేదు. యజమాని ఎప్పుడు పిలుస్తాడో తెలియదు గనుక రాత్రింబవళ్లు మేలుకొని ఉండాలి. సెట్టును గంటకు పది నిమిషాలే వాడినప్పటికీ మొత్తం 3.5 ఆంపియర్లు అవుతుంది. బ్యాటరీ 14 గంటలలో అయిపోతుంది.

83 గంటలు ఎక్కడ, 14 గంటలు ఎక్కడ! సెట్టు అదే, ఏరియల్ అదే, బ్యాటరీ అదే. మనిషిని తీసివేసి ఆ స్థానంలో యంత్రాలను పెట్టినందుకు కట్టిన కప్పం ఆ తేడా. గడియారం పెట్టి, నియమిత సమయాలలో మాత్రమే కేంద్రం మేల్కొనేటట్లు చేయవచ్చునని కొందరు అంటారు. నిజమే, అది మంచి ఉపాయమే. కాని మధ్యలో ఎవరైనా సహాయం కోసం పిలిస్తే వినేవారుండరు.

అందుకే జనరేటరు అవసరమవుతుంది. ఈ యంత్రం విషయంలో మన ఔత్సాహికులు చూపే శ్రద్ధ సెట్టు విషయంలో చూపే శ్రద్ధలో పదోవంతు కూడా ఉండదు. సెట్టును పట్టుగుడ్డతో తుడిచేవారు జనరేటరును గోనెసంచి కప్పి పెరట్లో పడవేస్తారు. దానిని గురించి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలతో వస్తుంది. రెండు ధ్రువాలు గల జనరేటరు దీనిని ఇవ్వాలంటే ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరగాలి. నాలుగు ధ్రువాలు ఉంటే 1,500 సార్లు చాలు. ఎక్కువ వేగంతో తిరిగేది చవక, తేలిక. కాని త్వరగా అరుగుతుంది, ఎక్కువ మోత చేస్తుంది. రోజుల తరబడి నడపవలసిన చోట నెమ్మదిగా తిరిగేదే మేలు. ఇన్వర్టరు రకం జనరేటరులో ఇంజను వేగానికీ ఆవర్తాలకూ సంబంధం ఉండదు. పని తక్కువైనప్పుడు నెమ్మదిగా తిరిగి పెట్రోలు మిగులుస్తుంది. కాని దానిలోని ఎలక్ట్రానిక్ భాగాలు రేడియో రొదను పుట్టించవచ్చు. ఏ రొదను తప్పించుకోవడానికి ఊరు విడిచిపోయామో దానినే వెంట తీసుకొని పోయినట్లవుతుంది. కొనే ముందు సెట్టును పక్కన పెట్టి వినడం, తీగలకు ఫెరైటు వలయాలు వేయడం, వీలైతే వినే వేళ ఇంజను ఆపి బ్యాటరీ మీద నడపడం దీనికి మార్గాలు.

ఇంజను చెడిపోయేది వాడినందువల్ల కంటె వాడనందువల్లనే ఎక్కువ. నిలవ ఉన్న పెట్రోలు కొన్ని నెలలకు జిగురుగా మారి కార్బ్యురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. డీజిలులో నీరు చేరుతుంది. ఇంజనును తిప్పే బ్యాటరీ చడీచప్పుడూ లేకుండా చచ్చిపోతుంది. నెలకొకసారి అయిదు నిమిషాలు ఊరకే తిప్పి, “బాగానే ఉంది” అని సంతోషపడేవారున్నారు. అది పరీక్ష కాదు. పైగా డీజిల్ ఇంజనును తగినంత పని లేకుండా తరచుగా తిప్పితే, అది సరిగా వేడెక్కక, కాలని ఇంధనమూ మసీ పొగగొట్టంలో పేరుకొంటాయి. మోయవలసిన భారాన్ని మోయించి, ఒకటి రెండు గంటలపాటు నడిపినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

మరి రెండు సంగతులు ప్రాణాలకు సంబంధించినవి. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు అనే వాసనలేని విషవాయువు ఉంటుంది. వాన పడుతున్నదని దానిని గదిలోకి గాని, వరండాలోకి గాని తెచ్చి నడిపితే నిద్రలోనే ప్రాణాలు పోతాయి. రెండవది, జనరేటరును ఇంటి తీగలకు కలిపే ముందు ఊరి లైనునుండి ఇంటిని పూర్తిగా విడదీసే మార్పిడి స్విచ్చి ఉండాలి. అది లేకపోతే మన 230 ఓల్టులు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరులోకి వెనుకకు పోయి అవతల 11,000 ఓల్టులుగా పైకి లేస్తాయి. కరెంటు లేదనుకొని తెగిన తీగను పట్టుకొన్న లైనుమన్ బలి అవుతాడు. సహాయం చేయబోయి ప్రాణం తీసినవారమవుతాము.

ఇవన్నీ సరిగా చేసినా దూరకేంద్రం విషయంలో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఇంధనం పోసేదెవరు? ఒక చిన్న పెట్రోలు జనరేటరు కొద్ది భారంతో గంటకు అరలీటరు తాగుతుందనుకుందాం. రోజంతా నడిస్తే 12 లీటర్లు. దాని టాంకులో పట్టేది సాధారణంగా కొన్ని గంటలకు సరిపోయేంత మాత్రమే. రోజుకు నాలుగైదు గంటలు మాత్రమే నడిపి, ఆ కాలంలో పెద్ద బ్యాటరీలను నింపుకొంటే ఖర్చు రెండు రెండున్నర లీటర్లకు దిగుతుంది. ఇదే సరియైన పద్ధతి. ఇంజనును తనంతట తాను మొదలుపెట్టి, ఆపే యంత్రాలు కూడా దొరుకుతాయి. కాని పెట్రోలును తనంతట తాను తెచ్చుకొనే యంత్రం మాత్రం లేదు. కేంద్రం కొండమీద, యజమాని హైదరాబాదులో, మధ్యన కూలిన చెట్లతో నిండిన రోడ్డు ఉంటే ఆ కేంద్రానికి ఆయువు దాని టాంకులో ఉన్నంతవరకే.

ఇంధనం ఉన్నా, అది ఇంజనుకు చేరే దారి కూడా చూచుకోవాలి. 2011 మార్చి 11న జపానులో భూకంపం వచ్చినప్పుడు ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో డీజిల్ జనరేటర్లు సక్రమంగానే మొదలైనాయి. గంట లోపల సునామీ నీరు వచ్చి, దిగువ అంతస్తులలో ఉన్న వాటినీ, వాటి స్విచ్చిబోర్డులనూ ముంచివేసింది. 2012 అక్టోబరు 29న శాండీ తుపానుకు న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. కాని వాటికి నూనె ఎక్కించే పంపులు నేలమాళిగలో ఉండి నీట మునిగాయి. సిబ్బంది మెట్లమీద వరుసగా నిలబడి, చేతులమీదుగా నూనెను పైకి అందించవలసి వచ్చింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లు, పరికరాలన్నీ ఉండి ఒక్క పంపు వల్ల అంతా ఆగిపోవడం ఇటువంటిదే. ఆసుపత్రిని ఆ రాత్రి నిలిపినది మెట్లమీది మనుషులు. దూరకేంద్రంలో ఆ మెట్లమీద నిలబడేవారు లేరు.

ఇప్పుడు అసలు తర్కానికి వద్దాం. తుపాను ప్రాంతంలో ఒక దూరకేంద్రం ఉన్నదనుకోండి. దానికి పోయే ఇంటర్నెట్టు దారి తెగిపోతే ఆ కేంద్రం మనకు లేనట్లే. దారి నిలిచి ఉంటే, ఆ ప్రాంతపు వార్త ఆ దారినే నేరుగా రావచ్చు గదా! మధ్యలో రేడియో ఎందుకు? ఉపగ్రహం ద్వారా దారి ఏర్పాటు చేశామని చెప్పేవారికీ ఇదే జవాబు. పైగా ఆ పళ్లెం వంటి పరికరానికి అదనంగా మరి కొన్ని పదుల వాట్లు సమర్పించుకోవాలి. ఈ విధంగా చూస్తే, ఆపద జరిగినచోట దూరకేంద్రం పనిచేసే వేళ దాని అవసరం స్వల్పం, అవసరమైన వేళ అది పనిచేయదు. ‘అన్నీ విఫలమైనప్పుడు’ అన్న నినాదాన్ని దీనికి తగిలించడం సత్యానికి విరుద్ధం. మొదట చెప్పుకొన్న నాలుగింటిలో మనిషిని తీసివేసి, లేని ఆధారాలను అరడజను చేర్చిన తరువాత ఆ నినాదానికి అర్హత ఎక్కడిది?

అయితే ఇంతటితో తీర్పు చెప్పడం తొందరపాటు. అదే దూరకేంద్రం ఆపద జరిగిన ప్రాంతానికి వెలుపల ఉన్నదనుకోండి. తుపానులో చిక్కిన ఒక ఔత్సాహికుడు చిన్న బ్యాటరీతో, చెట్టుకు వేలాడదీసిన తీగతో, పది వాట్లతో పిలుస్తున్నాడు. నగరంలోని రొదలో అతడి గొంతు ఎవరికీ వినబడదు. కాని వందల మైళ్ల దూరంలో, నిశ్శబ్దమైన పొలంలో పెద్ద ఏరియల్‌తో ఉన్న దూరకేంద్రానికి వినబడుతుంది. అక్కడ కరెంటు ఉంది, ఇంటర్నెట్టు ఉంది. హైదరాబాదులో కూర్చున్న మనిషి ఆ చెవితో విని, జిల్లా అధికారులకు వెంటనే టెలిఫోను చేయగలడు. ఇక్కడ దూరకేంద్రం చేసే మేలుకు సాటి లేదు. వెయ్యి రెట్లని ముందు వేసిన లెక్క ఇక్కడ ప్రాణాలు కాపాడే లెక్క అవుతుంది. కాబట్టి ఆపదకు వెలుపల దూరకేంద్రం, ఆపద లోపల మనిషి, ఈ రెండూ ఒకదానికొకటి తోడు గాని పోటీ కావు.

ఆపద లోపల మనిషి ఉంటే ఏమి జరుగుతుందో మనకు అనుభవమే. 1983లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన బృందం ఒకటి, శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వాన, 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లింది. చాలాకాలంగా ఆ దీవులనుండి ఔత్సాహిక ప్రసారాలకు అనుమతి లేనందువల్ల ప్రపంచంలోని ఔత్సాహికులంతా వారితో మాట్లాడడానికి ఉబలాటపడ్డారు. అది పూర్తిగా వినోదయాత్ర. డిసెంబరు 26 ఉదయం భూకంపం, సునామీ వచ్చాయి. మామూలు సంబంధాలు తెగిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ఆ బృందం వెంటనే ఆట మాని, క్షేమసమాచారాలనూ, సహాయక సందేశాలనూ ప్రధాన భూభాగానికి చేరవేసే పనిలో దిగింది. వారి స్థానంలో జార్విస్ ద్వీపం మీది పెట్టెలవంటివే అక్కడ ఉండి, వాటిని నడిపేవారు ఏ దూరపు నగరంలోనో ఉంటే? నియంత్రణ దారితోపాటే అవి మూగపోయేవి. దారి నిలిచినా, కేంద్రాన్ని అవసరమైన చోటికి మోసుకుపోవడం, పక్కనున్నవారిని అడిగి పేర్లు తెలుసుకోవడం పెట్టెలకు సాధ్యం కాదు.

2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికోను తాకినప్పుడు అక్కడి సెల్‌ఫోను కేంద్రాలలో నూటికి 95 మూగపోయాయి. అప్పుడు అమెరికా రెడ్‌క్రాసు అమెరికన్ రేడియో రిలే లీగును కోరినది 50 మంది అనుభవజ్ఞులైన ఆపరేటర్లను. సెట్లు వారి వెంట పోయే సామానులో భాగం మాత్రమే.

మరి మనం చేయవలసినదేమి? విమర్శించి ఊరుకోవడం సులభం. దారి చూపడం కూడా విమర్శకుని బాధ్యతే.

అమెరికాలో 1933లో మొదలైన ‘ఫీల్డ్ డే’ అనే అభ్యాసం జూను మాసంలో జరుగుతున్నది. ఔత్సాహికులు బయలు ప్రదేశాలకు పోయి, ఏరియళ్లు కట్టి, ఊరి కరెంటు వాడకుండా ఒక రోజంతా కేంద్రాలను నడుపుతారు. జనరేటరు, బ్యాటరీ, సూర్యకాంతి వంటి ఆధారాలతోనే నడిపినవారికి అదనపు మార్కులు ఉంటాయి. ఇది చక్కని పద్ధతి. దీనిలోనూ లోపం లేకపోలేదు. తేదీ ముందుగానే తెలుసు. తుపాను అట్లా చెప్పి రాదు. కాబట్టి మన సంఘాలు ఏడాదికి ఒకసారైనా, తేదీ చెప్పకుండా, ఏ రాత్రివేళనో ఇటువంటి అభ్యాసం పెట్టాలి. మెయిన్ స్విచ్చి కట్టివేసి, ఇంటర్నెట్టు తీగ ఊడదీసి, ఏ కేంద్రం ఎన్ని గంటలు నిలుస్తుందో రాసిపెట్టాలి. ఆ పట్టికే కేంద్రపు నిజమైన యోగ్యతాపత్రం.

దూరకేంద్రం కట్టేవారు నాలుగు పనులు చేస్తే వారి కేంద్రం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. నియంత్రణకు ఇంటర్నెట్టు ఒక్కటే గాక, స్వంత రేడియో దారి ఒకటి ఉండాలి. కేంద్రానికి నడిచి చేరగల దూరంలో, తాళంచెవి ఉండి, ఇంజను తిప్పడం, ఇంధనం పోయడం, అవసరమైతే సెట్టు ముందు కూర్చోవడం తెలిసిన మనిషి ఒకరుండాలి. దారి తెగితే ప్రసారిణి తనంతట తాను ఆగాలి. ఇంధనాన్నీ, బ్యాటరీలనూ నీరు చేరని ఎత్తులో ఉంచి, జనరేటరును నెలకొకసారి పూర్తి భారంతో నడపాలి. వీటిలో రెండవదే అన్నిటికంటె చవకైనది, అన్నిటికంటె విలువైనది. పక్క ఊరి హైస్కూలు మాస్టారుకో, ఒక విద్యార్థికో లైసెన్సు పరీక్షకు పాఠాలు చెప్పడానికి వెయ్యి వాట్ల యంత్రం అక్కరలేదు.

దూరకేంద్రాలు నేర్చుకొనేవారికి మేలు చేస్తాయి, కదలలేనివారికి ఆసరా ఇస్తాయి, దూరపు సన్నని గొంతును వింటాయి. ఆ మేరకు వాటిని ఆదరిద్దాం. కాని కోనసీమలోనో, దివిసీమలోనో మళ్లీ ఉప్పెన వచ్చిన రాత్రి కావలసినది అక్కడే ఉండే ఒక చిన్న సెట్టు, నిండుగా ఉన్న బ్యాటరీ, ఒక డబ్బా పెట్రోలు, వాటిని చీకటిలో సైతం నడపగల మనిషి. ఆ మనిషిని తయారుచేయడానికి తుపాను వచ్చేదాకా ఆగితే ఇల్లు అంటుకొన్నాక బావి తవ్వినట్లే. మన ఊరిలో అట్టివారెందరున్నారో నేడే లెక్కచూచుకోవడం మంచిది.